జూద వ్యతిరేక ప్రజా ప్రచారం: పల్నాటి కోడిపోరు నుంచి క్యాసినో నగరాల దాకా

జూద వ్యతిరేక ప్రజా ప్రచారం అంటే తమ ఊళ్లోనో, పట్టణంలోనో, నగరంలోనో జూదానికి చోటివ్వకూడదని అక్కడి నివాసులే పూనుకొని సాగించే సంఘటిత కృషి. పార్టీలు, పోలీసులు, కోర్టులు ఇందులో తోడు వస్తే రావచ్చు గాని, నడిపేది మాత్రం ఆ వీధుల్లో బతికే జనం. క్యాసినో లైసెన్సులు ఇచ్చే నగరాల్లో ఈ ప్రచారం లైసెన్సును ఆపడానికి సాగుతుంది. జూదాన్ని నిషేధించిన ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాల్లో ఉన్న చట్టాన్ని అమలు చేయించడానికి సాగుతుంది. రెండు చోట్లా అసలు ప్రశ్న ఒక్కటే: ఈ ఆటకు మా మధ్య నెలవు దొరకాలా, వద్దా? ఆ ప్రశ్నకు స్థానికులు గట్టిగా, రాతపూర్వకంగా, ఎన్నికల తర్వాత కూడా విడవకుండా జవాబు చెప్పిన చోట ఫలితం కనిపించింది. పాలకుల మాట నమ్మి ఊరుకున్న చోట జూదం నిలదొక్కుకుంది.

పల్నాడు జిల్లాలో క్యాసినో లేదు. క్యాసినోకు అనుమతినిచ్చే చట్టం ఆంధ్రప్రదేశ్‌లోనే లేదు. అయినా ఈ విషయం పల్నాటికి పరాయిది కాదు. పందెం ఒడ్డి రాజ్యాన్ని పోగొట్టుకున్న కథ ఈ ప్రాంతపు చరిత్రకే మూలకథ. పండుగ బరి నుంచి చేతిలోని ఫోన్ దాకా జూదం రూపాలు మార్చుకుంటూ ఈ పల్లెలను వెన్నాడుతూనే ఉంది.

పల్నాటి కథలో పందెం

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో గురజాల, మాచర్ల, కారంపూడి అనే పేర్లు చెప్పగానే 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం గుర్తుకొస్తుంది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు పాలకులు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రులు. ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలన్నది కోడిపోరు మీద ఒడ్డిన పందెం. ఓడిన మాచర్ల పక్షం మండాదికి తరలింది. గడువు ముగిశాక రాజ్యభాగం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడు. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధంలో రెండు పక్షాల వీరులూ ఎందరో నేలకొరిగారు. శ్రీనాథుడు ద్విపదలో చెప్పిన ఈ కథను వీరవిద్యావంతులనే గాయకులు తరతరాలుగా పాడుతూ వస్తున్నారు.

కారంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు పల్నాటి వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజులకు పేర్లు. కోడిపోరుకు ఒక రోజంతా కేటాయించడంలో జానపదుల అవగాహన ఉంది. వీరుల మరణానికి దారి ఎక్కడ మొదలైందో వాళ్లు మరిచిపోలేదు. కోడిపందేలు మన సంప్రదాయమని వాదించేవారికి పల్నాటి కథలోనే సమాధానం ఉంది. ఈ నేల సంప్రదాయం కోడిపోరును పొగిడి చెప్పలేదు. దాని వల్ల ఎవరెవరు నేలకూలారో పేరుపేరునా చెప్పింది. భారతంలోని ద్యూతం, నలోపాఖ్యానంలోని పాచికలు కూడా ఆడినవారి ఇంటివాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు ఏం జరిగిందో చూపిస్తాయి. జూద వ్యతిరేక ప్రచారం చేసేవారు ఈ కథలను వేదికలెక్కి మళ్లీ చెప్పడం వెనుక కారణం ఇదే.

జూదం రూపాలు

తెలుగు పల్లెల్లో జూదానికి చాలా పేర్లున్నాయి. పేకాటలో మూడుముక్కలాట, లోనా-బయట పూర్తిగా అదృష్టం మీద నడిచేవి. తిరునాళ్లలో గుండాట, కాయ్ రాజా కాయ్ కనిపిస్తాయి. సంక్రాంతికి కోడిపందేల బరులు వెలుస్తాయి. కోళ్ల కాళ్లకు కత్తులు కట్టి వదులుతారు. యజమానుల మధ్య కాసిన పందెం కంటే చుట్టూ నిలబడ్డవారు వేసుకునే పైపందేల సొమ్మే ఎక్కువ. బరి పక్కనే పేకాట, గుండాట బల్లలు, మద్యం అమ్మకాలు చేరతాయి. ఒక మైదానంలో దీపాలు, కుర్చీలు, కాపలాదారులు, వడ్డీకి అప్పిచ్చేవారు, అన్నీ అమరాక అది బల్లల లెక్కన నడిచే జూదశాలే అవుతుంది. క్యాసినోకు, దానికి తేడా లైసెన్సు కాగితం మాత్రమే.

క్రికెట్ బెట్టింగ్ దీనికి భిన్నం. దానికి బరి అక్కర్లేదు. బుకీ, ఫోను, నమ్మకస్థుడైన వసూలుదారు ఉంటే చాలు. మిరప, పత్తి ప్రధాన పంటలుగా ఉన్న పల్నాడు వంటి ప్రాంతంలో ఏడాది సంపాదన ఒకటి రెండు విడతల్లోనే చేతికొస్తుంది. కౌలు, ఎరువుల బాకీ, పిల్లల ఫీజులు అన్నీ ఆ డబ్బులోంచే తీరాలి. నెలజీతం ఉన్న ఇంట్లో ఒక నెల పోతే మరో నెల ఉంటుంది. కౌలురైతు ఇంట్లో పంట డబ్బు ఒక రాత్రి పోతే, మళ్లీ పంట చేతికొచ్చేదాకా అప్పు మీదే బతకాలి. జూదం పల్లెకు చేసే చేటును ఈ లెక్కతో కొలవాలి.

చట్టం ఏం చెబుతోంది

పందేలు, జూదం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. వాటి మీద పన్ను వేసే అధికారం 2016 నాటి జీఎస్టీ రాజ్యాంగ సవరణ దాకా అదే జాబితాలో 62వ అంశంగా ఉండేది. నిషేధించే అధికారం, ఆదాయం పొందే అధికారం రెండూ ఒకే చేతిలో ఉండటం వల్ల ప్రతి రాష్ట్రమూ తన దారి తాను ఎంచుకుంది. 1957లో ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు జూదాన్ని రాజ్యాంగం రక్షించే వ్యాపారంగా గుర్తించలేమని తేల్చింది. అంటే జూదశాల నడపడం ఎవరి ప్రాథమిక హక్కూ కాదు. ప్రజా ప్రచారాలకు న్యాయపరమైన ఆధారం ఈ తీర్పే.

ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నాటిది. జూదగృహం నడపడం, అందులో ఆడటం, బహిరంగ స్థలంలో జూదమాడటం నేరాలు. నైపుణ్యం ప్రధానమైన ఆటలకు 15వ సెక్షన్ మినహాయింపునిచ్చింది. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో, 1967లో, సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా పరిగణించింది. అయితే ఆట మీద క్లబ్బు లాభం గుంజుతున్నట్టు రుజువైతే అది నేరమే కావచ్చని కూడా అదే తీర్పులో ఉంది. తర్వాతి దశాబ్దాల్లో పేకాట క్లబ్బులు మొదటి మాటను బోర్డులా తగిలించుకున్నాయి. రెండో మాటను జనమే గుర్తు చేయాల్సి వచ్చింది.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. ఆంధ్రప్రదేశ్ సవరణ ప్రకారం నిర్వాహకులకు మొదటిసారి ఏడాది, మళ్లీ పట్టుబడితే రెండేళ్ల దాకా జైలు. ఆడినవారికి ఆరు నెలల దాకా శిక్ష. 2020 అక్టోబరులో 132 వెబ్‌సైట్లను, యాప్‌లను రాష్ట్రంలో అందకుండా చేయాలని ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను అందించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పడేలా అది దేశమంతటికీ నిబంధన తెచ్చింది.

ప్రచారానికి వెనుక ఉన్న వారసత్వం

పాలకులకు ఆదాయమిచ్చే వ్యవస్థను ఊరి జనం ఎదిరించడం పల్నాటికి కొత్త కాదు. 1921–22లో పశువుల మేతపై పుల్లరి పన్ను కట్టబోమని మాచర్ల ప్రాంత పల్లెలు తిరగబడ్డాయి. వచ్చిన అధికారులకు తిండిసరుకులు ఇవ్వకుండా, సేవలు అందకుండా సాంఘిక బహిష్కరణ పాటించాయి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు నేలకొరిగాడు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడితే బయటి అధికారం అక్కడ ఒక పూట కూడా గడపలేదన్నది ఆ ఉద్యమం నేర్పిన పాఠం. నేటి పల్నాడు జిల్లాలోని సత్తెనపల్లికి చెందిన గాంధేయవాది, శాసనసభ్యుడు వావిలాల గోపాలకృష్ణయ్య ఆ తర్వాతి కాలంలో మద్యనిషేధ ప్రచారంలో ముందు నిలిచారు.

జూద వ్యతిరేక ప్రచారానికి తెలుగు నేల మీద అతి దగ్గరి నమూనా నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు చదువు వాచకంలోని సీతమ్మ కథను చదివి తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథ ఊరి నుంచి ఊరికి పాకింది. జిల్లాలో సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఈ ఉద్యమంలో రెండు విషయాలు జూద వ్యతిరేక ప్రచారకులు పట్టుకోవాల్సినవి. ఆ స్త్రీలు తాగేవాళ్ల మీదికి కాకుండా అమ్మే చోటు మీదికి, వేలంపాట జరిగే గది మీదికి వెళ్లారు. ప్రభుత్వానికి డబ్బొచ్చే ముడి ఎక్కడుందో గుర్తించి అక్కడే పట్టుకున్నారు. రెండోది, గెలిచాక జాగ్రత్త తగ్గితే ఖజానా అవసరం పేరుతో నిషేధం కరిగిపోతుంది.

కోడిపందేలు, కోర్టు, ఊరు

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960 ప్రకారం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడం నేరం. జల్లికట్టు కేసులో 2014 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు జంతువుల హక్కులకు మరింత బలమిచ్చింది. తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో కోడిపందేలను ఆపాలని, మండల స్థాయిలో సంయుక్త తనిఖీ బృందాలు వేయాలని ఆదేశించింది. జంతు సంక్షేమ సంస్థలు ఈ కేసుల్లో ముందున్నాయి. ఆదేశాలు వెలువడినా సంక్రాంతికి కోస్తా జిల్లాల్లో బరులు వెలుస్తూనే ఉన్నాయి. రాజకీయ నాయకుల అండ, పండుగ సెంటిమెంటు, బరికి స్థలం అద్దెకిచ్చేవారి లాభం కలిసి ఆదేశాన్ని బలహీనపరుస్తున్నాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కోర్టుకెళ్లిన సంస్థలు నగరాలవి. బరి వెలిసేది పల్లెలో. కోడికి జరిగే హింస గురించి కోర్టులో వాదన జరిగింది. ఇంటి డబ్బు పోయిన స్త్రీ గోడు అక్కడ పెద్దగా వినిపించలేదు. ఊరి డ్వాక్రా సంఘం, పంచాయతీ, బడి ఉపాధ్యాయులు ఈ పోరాటాన్ని తమదిగా తీసుకున్నప్పుడే తహసీల్దారు బృందం కంటే ముందే బరికి స్థలం దొరకకుండా చేయవచ్చు. సారా ఉద్యమంలో ఉన్నదీ, కోడిపందేల వ్యతిరేక కృషిలో లోపించినదీ ఈ ఊరి పూనికే.

తెలుగు నేలకు క్యాసినో వచ్చిన తీరు

2022 సంక్రాంతికి కృష్ణా జిల్లా గుడివాడలో ఒక కన్వెన్షన్ హాలులో క్యాసినో నడిపారన్న ఆరోపణ రాష్ట్రమంతటా దుమారం రేపింది. స్థానిక మంత్రి దాన్ని ఖండించారు. ప్రధాన ప్రతిపక్షం నిజనిర్ధారణ బృందాన్ని పంపగా పట్టణంలో ఉద్రిక్తత నెలకొంది. వారాల పాటు పత్రికల్లో ఆ పేరే మోగింది. అయితే ఆ గొడవంతా రెండు పార్టీల మధ్య నడిచింది. పట్టణ నివాసులతో ఏర్పడి, పార్టీలకు అతీతంగా నిలిచే సంఘం ఏదీ దాని నుంచి రూపుదిద్దుకోలేదు. పార్టీల పోరు చల్లారగానే అసలు ప్రశ్న కూడా పక్కకు పోయింది.

అదే ఏడాది జులైలో హైదరాబాద్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సోదాలు జరిపింది. నేపాల్ వంటి చోట్ల క్యాసినో యాత్రలు నిర్వహించేవారిపై ఆ దర్యాప్తు సాగింది. 2023 మే నెలలో థాయిలాండ్‌లోని పట్టాయాలో ఒక హోటల్‌పై పోలీసులు దాడి చేసి పట్టుకున్నవారిలో తెలుగు రాష్ట్రాలవారు చాలామంది ఉన్నారు. విమానం, హోటల్, భోజనం, ఆటకు అప్పు, అన్నీ కలిపి ఏర్పాటు చేసే యాత్రల వల్ల ఊళ్లో బల్ల లేకున్నా ఊరి డబ్బు బల్ల మీదికి చేరుతోంది. గోవా క్యాసినోల బల్లల దగ్గర కూడా తెలుగు మాట వినిపిస్తుంది. అందుకే గోవా ప్రజల పోరాటం తెలుగువారు తెలుసుకోవాల్సిన కథ.

పణజీ: నది మీద నిలిచిన జూదం

భారతదేశంలో క్యాసినోలపై నగరవాసులు చేసిన సుదీర్ఘ పోరాటం గోవా రాజధాని పణజీలో జరిగింది. గోవా, డామన్, డయ్యూ పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం 1976లో వచ్చింది. పేరుకు జూదాన్ని అడ్డుకునే చట్టమే. 1992 సవరణతో అయిదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ యంత్రాలకు, 1996 సవరణతో నౌకల మీద జూదపు బల్లలకు దారి తెరిచారు. సముద్రం మీద ఉండాల్సిన నౌకలు పణజీ ముందున్న మాండోవి నదిలోనే లంగరేశాయి. రాత్రిళ్లు నగరపు నదీతీరం వాటి దీపాలతో, వాహనాల రద్దీతో నిండిపోయింది.

దీనికి వ్యతిరేకంగా ‘ఆమ్ ఔరత్ ఆద్మీ అగైనెస్ట్ గ్యాంబ్లింగ్’ అనే వేదిక ఏర్పడింది. స్త్రీల హక్కుల కార్యకర్త సబీనా మార్టిన్స్ దాన్ని ముందుండి నడిపించారు. వాళ్లు నదీతీరంలో నిరసనలు చేశారు, అర్జీలు పెట్టారు, లైసెన్సుల షరతులను ప్రశ్నించారు, జూదంలో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల గోడును బయటికి తెచ్చారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు నౌకలను పంపించేస్తామన్న నాయకులు అధికారంలోకి వచ్చాక గడువులు పొడిగిస్తూ పోయారు. నది నుంచి నౌకలను తరలిస్తామన్న మాట ప్రభుత్వాలు మారినా మాటగానే మిగిలింది. 2017 జులైలో మాండోవిలోకి తెస్తున్న లక్కీ సెవెన్ అనే క్యాసినో నౌక వానాకాలపు అలల్లో అదుపు తప్పి మిరామార్ తీరపు ఇసుకలో కూరుకుపోయింది. నదిని, తీరాన్ని ఎవరి లాభం కోసం ప్రమాదంలో పడేస్తున్నారన్న ప్రశ్న అప్పుడు ఇంకా గట్టిగా వినిపించింది.

2020 ఫిబ్రవరి 1 నుంచి గోవావాసులు క్యాసినోల్లో జూదమాడకుండా రాష్ట్రం నిషేధం విధించింది. ప్రచారకులు ఏళ్ల తరబడి చెప్పిన మాట నిజమని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. జూదం మంచిదైతే సొంత ప్రజలను దూరం పెట్టాల్సిన అవసరం లేదు. అయితే ఆ నిబంధన వల్ల నష్టం గోవా దాటి వచ్చింది. ఇప్పుడు ఆ నౌకల్లో పోయేది పొరుగు రాష్ట్రాల ఇళ్ల డబ్బు. గోవాలో జూదం ఆగకపోతే దాని బాధ కర్ణాటక, మహారాష్ట్ర, తెలుగు రాష్ట్రాల పల్లెలు మోయాలి.

ప్రపంచ నగరాల అనుభవం

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 2006లో రెండు క్యాసినోలకు లైసెన్సులిచ్చారు. ‘క్యాసినో ఫ్రీ ఫిలడెల్ఫియా’ అనే నివాసుల వేదిక ముందుగా పత్రాల కోసం పట్టుపట్టింది. జూద నియంత్రణ మండలి దాచిన ప్రణాళికలను చూపించమంటూ కార్యాలయానికే వెళ్లి కార్యకర్తలు అరెస్టయ్యారు. ఇళ్లకు 1,500 అడుగుల లోపు క్యాసినో ఉండకూడదన్న ప్రశ్నను ఓటుకు పెట్టడానికి వేల సంతకాలు సేకరించారు. 2007లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను ఎన్నికల పత్రం నుంచి తొలగించింది. కార్యకర్తలు తమంతట తామే అనధికార ఓటింగ్ జరిపారు. ఫాక్స్‌వుడ్స్ క్యాసినోను నగరం నడిబొడ్డున చైనాటౌన్ పక్కకు మార్చాలని చూసినప్పుడు అక్కడి కుటుంబాలు అడ్డుకున్నాయి. 2010 డిసెంబరులో ఆ లైసెన్సు రద్దయింది. రెండోది, షుగర్‌హౌస్, అదే ఏడాది సెప్టెంబరులో తెరుచుకుంది. ఒకటి ఓడింది, ఒకటి గెలిచింది. ఆలస్యమైన ప్రతి నెలా ప్రాజెక్టు ఖర్చు పెంచి పెట్టుబడిదారులను బలహీనపరుస్తుందని ఈ అనుభవం చెప్పింది.

కెనడాలో వాంకూవర్ నగర మండలి 2011 ఏప్రిల్‌లో క్యాసినో విస్తరణను తిరస్కరించింది. టొరంటో నగర మండలి 2013 మే 21న కొత్త క్యాసినోను 40–4 ఓట్లతో కాదంది. రెండు చోట్లా నివాసుల సంఘాలు ప్రతి ప్రతినిధినీ కలిసి, విచారణ సభల్లో వందలకొద్దీ వాంగ్మూలాలిచ్చి, తమ వార్డు ఓటు ఎటు పడుతుందో రాతలో అడిగాయి. అక్కడ నిర్ణయం నగర మండలి చేతిలో ఉంది. ఓటేసే ప్రతినిధికి తన వీధిలోకి తిరిగి రావాల్సిన బాధ్యత ఉంది. ఆ దగ్గరితనమే ఈ గెలుపులకు కారణం.

సింగపూర్ కథ వేరు. క్యాసినోలు వద్దంటూ పౌరులు ముప్పై వేలకు చేరువగా సంతకాలు సేకరించినా, 2005 ఏప్రిల్‌లో ప్రభుత్వం రెండింటికి అనుమతినిచ్చింది. అయినా ఆ వ్యతిరేకత వృథా కాలేదు. పౌరులు, శాశ్వత నివాసులు లోపలికి వెళ్లాలంటే రోజుకు 100 సింగపూర్ డాలర్ల ప్రవేశ సుంకం పెట్టారు. 2019లో దాన్ని 150కి పెంచారు. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు దరఖాస్తు చేసి తమవారిని క్యాసినోలోకి రానివ్వకుండా చేసే కుటుంబ నిషేధ ఉత్తర్వు కూడా వచ్చింది. జూదం వల్ల దెబ్బతినేది కుటుంబమని, ఆపమని అడిగే హక్కు కుటుంబానికి ఉందని చట్టం గుర్తించిన సందర్భం ఇది. తెలుగు రాష్ట్రాలు ఆలోచించాల్సిన ఏర్పాటు.

అనుకూల, వ్యతిరేక వాదనలు

క్యాసినోను సమర్థించేవారు ఉద్యోగాలు, పర్యాటకం, పన్ను ఆదాయం అనే మూడు కారణాలు చెబుతారు. వీటిని కొట్టిపారేయనక్కర్లేదు. పణజీలో వందల కుటుంబాలు క్యాసినో జీతాల మీద బతుకుతున్నాయి. 2023 అక్టోబరు 1 నుంచి క్యాసినోల్లో, ఆన్‌లైన్ జూదంలో పెట్టే మొత్తం సొమ్ముపై 28 శాతం జీఎస్టీ విధించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జూదానికి ఆ రేటు 40 శాతానికి చేరింది. ఆ స్థాయి పన్ను వచ్చే చోటును ప్రభుత్వం తేలిగ్గా వదులుకోదు.

వ్యతిరేకుల సమాధానం సూటిగా ఉంటుంది. క్యాసినో కొత్త వస్తువేదీ తయారు చేయదు. ఒకరి ఇంటి డబ్బును మరొకరికి చేర్చి మధ్యలో తన భాగం తీసుకుంటుంది. ఆ డబ్బు లేకపోతే విత్తనాల దుకాణంలో, కిరాణా కొట్టులో, బడి ఫీజులో ఖర్చయ్యేది. నష్టం కూడా ఆడినవాడితో ఆగదు. జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. లాన్సెట్ పబ్లిక్ హెల్త్ కమిషన్ 2024 నివేదిక ప్రపంచంలో సుమారు 8 కోట్ల మంది వయోజనులు జూద రుగ్మతతో లేదా సమస్యాత్మక జూదంతో బాధపడుతున్నారని అంచనా వేసింది. ఖజానాకు వచ్చే ప్రతి రూపాయి వెనుక అప్పులు, చదువు మానేసిన పిల్లలు, ఇళ్లలో హింస ఉన్నాయి. వాటిని ఏ బడ్జెట్ పద్దులోనూ రాయరు.

ప్రచార పద్ధతులు

ఈ ప్రచారాలన్నిటిలో పని చేసిన పద్ధతులను పల్నాడు వంటి ప్రాంతానికి అన్వయిస్తే ఇలా ఉంటాయి.

స్థలం దక్కకుండా చేయడం: తోట, కల్లం, గెస్ట్‌హౌస్, ఫంక్షన్ హాలు, ఎక్కడ ఆడించినా స్థల యజమాని చట్టం ముందు బాధ్యుడు కావచ్చు. గ్రామసభ తీర్మానం చేసి, ఆ ప్రతిని యజమానికి, పోలీస్ స్టేషన్‌కు, తహసీల్దారుకు ఇస్తే తెలియదనే సాకు ఎవరికీ మిగలదు.

రాతపూర్వక అర్జీ: కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సంఘం పేరుతో అర్జీ ఇస్తే ఒక్క మనిషి మీద కక్ష పెట్టుకోవడం కష్టం. తీసుకున్న చర్యల వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.

కుటుంబాల గొంతు: గెలిచినవాడి కథ ఊరంతా చెప్పుకుంటుంది. ఓడినవాడి ఇంటి కథ తలుపుల వెనుకే ఉంటుంది. ఆ ఇంటి పేరు చెప్పకుండా, పరువు పోకుండా మాట్లాడే చోటును మహిళా సంఘాలు కల్పించాలి.

ఆడేవారికి చేయూత: జూదరిని వెలివేస్తే మరింత రహస్యంగా ఆడతాడు. మానసిక ఆరోగ్య సహాయానికి 14416 నంబరుతో టెలి మానస్ సేవ 2022 అక్టోబరు నుంచి అందుబాటులో ఉంది. అప్పుల లెక్క సర్దడానికి, అధిక వడ్డీ ఒత్తిడి నుంచి కాపాడటానికి సంఘం పక్కన నిలబడాలి.

పార్టీకి దూరం: అన్ని పార్టీల నుంచి ఒకే హామీని రాతలో తీసుకోవాలి. ఎన్నికల తర్వాత దాన్ని అడగడానికి సంఘం బతికి ఉండాలి.

ఫోన్‌లోకి చేరిన జూదం

ఇంతవరకు చెప్పిన బలమంతా చోటు మీద ఆధారపడింది. దుకాణం, బరి, నౌక, క్యాసినో భవనం, వీటి ముందు జనం నిలబడగలరు. ఫోన్‌లో ఆడే ఆటకు గుమ్మం లేదు. పొలంలో, బస్సులో, పక్క మీద ఎక్కడైనా ఆడవచ్చు. ఓడిన గంటలోనే మరో యాప్ అప్పిస్తుంది. అందుకే ఇక్కడ ఊరి ప్రచారం రూపం మార్చుకోవాల్సి వస్తోంది. యాప్‌లను ఆపడం ప్రభుత్వాల పని. 2025 చట్టం అమలు మీద ఒత్తిడి పెట్టడం జనం పని. ఊళ్లో మిగిలిన ముడులు రెండు: డబ్బు వసూలు చేసే మనిషి, ఆట నేర్పే స్నేహితుడు. బెట్టింగ్ వసూలుదారు ఎవరో ఊరికి తెలుసు. సారా దుకాణం ముందు కూర్చున్నంత గట్టిగా ఆ మనిషి ముందు కూర్చోగలిగితే ఆన్‌లైన్ బెట్టింగ్‌కూ ఊళ్లో నెలవు లేకుండా పోతుంది. కళాశాలల్లో, కోచింగ్ కేంద్రాల్లో విద్యార్థులే తోటి విద్యార్థులతో మాట్లాడటం ఏ పోస్టరు కంటే ఎక్కువ పని చేస్తుంది.

అంచనా

జూద వ్యతిరేక ప్రజా ప్రచారాలు ఎక్కడా జూదాన్ని పూర్తిగా తుడిచిపెట్టలేదు. టొరంటో, వాంకూవర్ దాన్ని గడప దగ్గరే ఆపాయి. ఫిలడెల్ఫియా సగం ఆపింది. పణజీ స్థానికులను కాపాడుకుంది గాని నదిని విడిపించుకోలేకపోయింది. సింగపూర్ పౌరులు ఓడినా కుటుంబాలకు ఒక హక్కు సాధించారు. నెల్లూరు స్త్రీలు రాష్ట్రాన్నే కదిలించారు. ఈ ప్రచారాలన్నీ కలిపి చెప్పేది ఒకటే: జూదానికి అనుమతి ఎప్పుడూ పై నుంచి వస్తుంది, తిరస్కారం ఎప్పుడూ కింది నుంచే మొదలవుతుంది. చట్టం తిరస్కారానికి చేవనిస్తుంది గాని దాని స్థానంలో నిలబడలేదు.

పల్నాడుకు ఈ విషయంలో రెండు అనుకూలతలున్నాయి. నిషేధించే చట్టం ఇప్పటికే ఉంది. పందెం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పే కథ ప్రతి ఇంటికీ తెలుసు. కావలసింది ప్రతి పంచాయతీలో సంక్రాంతికి ముందే, పంట డబ్బు చేతికొచ్చే కాలానికి ముందే కూర్చొని తీర్మానం చేసే సంఘం. ఆ సంఘంలో స్త్రీలు ముందుండాలి. ఆ తీర్మానం అమలైందో లేదో మరుసటి ఏడాది అదే సభలో చదవాలి. క్యాసినో పేరుతో రేపు ఎవరైనా ఈ నేలకు వచ్చినా, ముందుగా ఎదురయ్యేది అలాంటి సభ కావాలి.